మూర్తి, విగ్రహము, ప్రతిష్ఠ: విమర్శలో పదవివేకము

పెన్నానది వెలికొండలను చీల్చుకొని మైదానమునకు దిగుచోట సోమశిల యున్నది. నెల్లూరుజిల్లా పశ్చిమభాగమున, ఉదయగిరి, ఆత్మకూరు సీమలలోని యీ యూరి పేరునందే మా ప్రస్తుతాంశమునకు బీజము కలదు. సోముడన చంద్రుడు, ఉమతో కూడినవాడను వ్యుత్పత్తిచే శివుడు. శిల యన రాయి. మనస్సు తలచు దైవమును, చేతికి తగులు రాతిని ఒక్క సమాసము కలిపినది. అచటి సోమేశ్వరుడు లింగరూపుడు. లింగమన గుర్తు. శైవాగమములు లింగమును నిష్కళమనియు, కరచరణాదులుగల ప్రతిమను సకళమనియు, ముఖలింగమును సకళనిష్కళమనియు వేరుపరచినవి. రూపమిచ్చుటలో తారతమ్యములు గలవని స్థపతు లెరుగుదురు. విమర్శకులము మాత్ర మన్నింటికిని ‘మూర్తీభవించిన’ యను నొక్క విశేషణముతో సరిపెట్టుచున్నాము. సిద్ధాంతవ్యాసములందును, తరగతి పాఠములందును ఇదియే వాడుక.

ఈ పదముల మూలములను పరికింతము. మూర్తి శబ్దమునకు మూలమైన ధాతువునకు గట్టిపడుట యను నర్థము కలదు. అంతకుముందు లేని ఘనత యొకదానికి కలిగెననుట దాని భావము. ‘మూర్తీభవించు’ నందలి చ్విప్రత్యయముకూడ అట్లు కానిది యట్లగుటనే చెప్పును. కావున శరీరములేని గుణమునకో భావమునకో శరీరము కలిగినప్పుడే యా మాట చెల్లును. అవతారమన దిగివచ్చుట, ముందే యున్నవాడు మరియొక రూపమున వచ్చుట. ధర్మరాజును ‘మూర్తీభవించిన ధర్మ’ మందుము. కాని భారతకథలో మాండవ్యుని శాపముచే యమధర్ముడు విదురుడై పుట్టెను. ధర్మరాజో యమధర్ముని తనయుడు. ఒకరు అవతారము, ఒకరు సంతానము. ధర్మమే గట్టిపడి నిలిచినట్లున్నాడను మన ప్రశంస మూడవది. ఈ మూడింటిని కలిపినచో ఇతిహాసము చేసిన విభజన చెడును.

విగ్రహమన వేరుగా గ్రహించుట. సమాసమును విడదీయు వాక్యము విగ్రహవాక్యము. సంధివిగ్రహములలో విగ్రహము యుద్ధము. దేహమును, ప్రతిమయు విగ్రహములే. ఉదయగిరి చరిత్రలో ఈ యర్థములు రెండు కలిసికొన్నవి. శ్రీకృష్ణదేవరాయలు గజపతితో విగ్రహమునకు దిగి 1514లో ఆ దుర్గమును గెలిచి, అందలి బాలకృష్ణ విగ్రహమును విజయనగరమునకు గొనిపోయి, 1515లో కొత్త యాలయమున ప్రతిష్ఠించెను. ఆ శిల్పము నేడు చెన్నై ప్రభుత్వ మ్యూజియమున నున్నది. శిల యదియే, రూప మదియే. కాని ప్రతిష్ఠ లేదు. రూపమిచ్చుట యొకటి, దానికి నెలవును పూజను కల్పించుట వేరొకటి యని ఇంతకంటె స్పష్టముగా తెలుపు నుదాహరణ మరుదు.

ఈ వివేకముతో నెల్లూరి తిక్కనను చూతము. ఆయన హరిహరాద్వైతమునకు మూర్తి కల్పించెనని వ్రాయుట పరిపాటి. హరిహరుల యేకశరీరము 6వ శతాబ్దినాటి బాదామి గుహాలయములలోనే శిల్పమై యున్నది. తిక్కన 13వ శతాబ్దివాడు. కావున ఆ మూర్తికి కర్త ఆయన కాడు. విరాటపర్వావతారికలో హరిహరనాథుడు స్వప్నమున సాక్షాత్కరించి కృతి నడుగును; కవి యిచ్చును. ఉన్న మూర్తిని కవి కృతిపతి పీఠమున నిలిపినాడు. రాజులు కూర్చుండు చోట రెండు మతముల దైవము నొక్కటిగా కూర్చుండబెట్టుట ప్రతిష్ఠ. మనుమసిద్ధి కొలువున మంత్రియైయుండియు రాజునకు గాక దైవమునకు భారతము నంకిత మిచ్చుటలోనే ఆయన సాహస మున్నది. ‘మూర్తీకరణ’ మన్నచో ఈ సాహసము మరుగుపడి, ఆయనకు చెందని కీర్తి యంటగట్టబడును.

తెనుగు పలుకుబడియు ఈ భేదము నెరుగును. తలపు ‘రూపుకట్టు’ ననుచో కర్త తలపే. ‘రూపు దిద్దె’ ననుచో కర్త మనుష్యుడు. ‘బొమ్మకట్టిన’ దనుచో చూచువాని కన్నే ప్రధానము. విద్యార్థి యొక విశేషణము వ్రాయుటకుముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను: దీనికి ముందు రూపముండెనా? రూపము తానై కలిగెనా, ఒకరిచ్చిరా? ఇచ్చినది రూపమా, స్థానమా? జవాబులు దొరికినచో పదము తానే దొరకును. దొరకనిచో కావ్యమును మరల చదువుటయే మేలు.