సూర్యయంత్రము: ఒక ఉక్రెయిన్ నవలలోని శాస్త్రము

1928లో ఖార్కివ్ నగరమున ‘సూర్యయంత్రము’ అను పెద్ద నవల వెలువడినది. ఉక్రెయిన్ భాషలో తొలి ఆదర్శలోక నవలగా దీనిని పరిగణింతురు. రచయిత వొలోదిమిర్ విన్నిచెంకో. 1917–19 సంవత్సరములలో స్వతంత్ర ఉక్రెయిన్ ప్రభుత్వమునకు నాయకత్వము వహించి, ఆ ప్రయత్నము విఫలము కాగా దేశము విడిచి, జర్మనీలో నుండి ఈ గ్రంథమును వ్రాసెను.

కథ జర్మనీలో నడచును. రుడాల్ఫ్ స్టోర్ అను శాస్త్రజ్ఞు డొక యంత్రమును కనిపెట్టును. అందులో గడ్డియో ఆకులో వేసి, మనుష్యుని చెమట కలిపి, ఎండలో నడిపినచో ‘సూర్యరొట్టె’ సిద్ధమగును. ఇక కూలికి పోవలసిన పనిలేదు. యజమానికి లొంగవలసిన పనిలేదు.

ఇది వట్టి గారడీ యని విద్యార్థి నవ్వవచ్చును. కాని కొంచెము లెక్క వేసి చూడుడు. మనిషికి దినమునకు సుమారు 2,400 కిలోకెలోరీల శక్తి కావలెను. ఎండుగడ్డి గ్రామునకు దాదాపు 4 కిలోకెలోరీలు. అనగా 600 గ్రాముల ఎండుగడ్డిలో మన దినభత్యమంతయు నున్నది! చిక్కు శక్తిలో కాదు, జీర్ణములో. గడ్డిలోని సెల్యులోజు, బియ్యములోని పిండిపదార్థము రెండును గ్లూకోజు గొలుసులే. ముడిపడిన తీరు మాత్రమే వేరు. ఆ ముడిని విప్పు శక్తి మన ప్రేగులకు లేదు. ఆవు కడుపులోని సూక్ష్మజీవులకు కలదు. కనుక స్టోర్ గారి యంత్రము పెట్టెలో నమర్చిన ఆవు కడుపు వంటిదే.

ఈ స్వప్నము విన్నిచెంకో ఒక్కనిదే కాదు. భవిష్యత్తులో ఆహారమును పొలములు గాక రసాయనశాలలే తయారుచేయునని 1894లో ఫ్రెంచి రసాయనజ్ఞుడు బెర్తెలో ప్రకటించెను. ఉక్రెయిన్ శాస్త్ర అకాడమీకి 1918లో తొలి అధ్యక్షుడైన వెర్నాద్‌స్కీ, మానవజాతి మొక్కలవలె స్వయంపోషకము కాగలదని 1925లో వ్యాసము వ్రాసెను. నవల రచన 1924 నాటికే ముగిసినది గనుక ఆ వ్యాసము దీనికి మూలము కాజాలదు. ఆ భావము ఆనాటి విద్యావంతులలో వ్యాపించియుండెననుటకే ఇది సాక్ష్యము.

నా దృష్టిలో ఈ నవలతో పోల్చి చదువదగినవాడు పొదొలిన్‌స్కీ. ఈ ఉక్రెయిన్ వైద్యుడు 1880లోనే శ్రమను శక్తి దృష్టితో పరిశీలించెను. సహజమైన పచ్చికబయలును, దున్ని విత్తిన పొలమును పోల్చి, మానవశ్రమ వలన భూమిపై నిలువయగు సూర్యశక్తి పెరుగునని వాదించెను. అతనికి శ్రమయే సూర్యుని పట్టు వల. విన్నిచెంకో ఆ వలను మనిషి చేతినుండి తీసి యంత్రమున కిచ్చెను. తరువాత నేమగును?

నవలలో మేలైన భాగ మిచ్చటనే యున్నది. రొట్టె ఉచితము కాగానే జనులు పని మానుదురు. నగరములు చీకటిలో మునుగును. ఆకలి లేదు, కాని వ్యవస్థయు లేదు. శాస్త్రమును నమ్మిన రచయిత తన యంత్రమునకే ఇంత కఠినమైన పరీక్ష పెట్టుట మెచ్చదగినది. పిదప మనుష్యులు ఆనందముకొరకే మరల పనికి పూనుకొందురని చెప్పిన ముగింపు మాత్రము నన్ను ఒప్పింపలేదు. మురుగుకాలువ బాగుచేయుట ఎవరికి ఆనందము? ఆ ప్రశ్నను రచయిత దాటవేసినాడు.

యూరీ స్మోలిచ్ నవలలోని డాక్టర్ గల్వనెస్కు దీనికి తలక్రిందులు. అతడు శ్రమను తొలగింపడు. శ్రామికులనే ప్రాణమున్న యంత్రములుగా మార్చును. జ్ఞానము ఎవరి చేతిలో నున్నదన్న ప్రశ్న ఇక్కడ మరింత పదునెక్కినది.

వొలోదిమిర్ వ్లాద్కో 1935లో ప్రకటించిన ‘విశ్వ నావికులు’ కథలో రాకెట్టు శుక్రగ్రహమునకు పోవును. అచ్చట దట్టమైన అడవులు, ప్రాచీన జంతువులు! శుక్రుడు తేమతో నిండిన ఉష్ణలోకమని 1918లో అర్హీనియస్ వంటి గొప్ప శాస్త్రజ్ఞుడే ఊహించెను గనుక తప్పు వ్లాద్కోది కాదు. శుక్రుని ఉపరితలము దాదాపు 460 డిగ్రీల సెంటీగ్రేడని మన మిపుడెరుగుదుము. నా అభ్యంతరము వేరు. వ్లాద్కో యాత్రికులు కొత్త లోహములను వెదకుదురే గాని, అవి వచ్చిన పిదప భూమిపై బ్రతుకు ఎట్లు మారునో అడుగరు. ఆ ప్రశ్న నడిగిన విన్నిచెంకో పుస్తకములు 1930ల నుండి సోవియట్ దేశమున నిషేధింపబడి, 1980ల చివరగాని అక్కడి పాఠకులకు మరల చేరలేదు.