బడికి వచ్చు ప్రకటనల వచనము

విమర్శకులు కావ్యములను విమర్శింతురు, నాటకములను విమర్శింతురు, నవలల గుణదోషములను తూకము వేయుదురు. పద్యమొకటి గణము తప్పినచో పత్రికలలో మాసములకొలది చర్చ సాగును. కాని తెలుగుబిడ్డల చదువును, బ్రతుకుతెరువును నిర్ణయించు వచనమొకటి దినదినము పుట్టుచుండగా దానిని వచనముగా నెంచి పరీక్షించువారు అరుదు. ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయులకును విద్యార్థులకును వెలువడు ప్రకటనలు, సర్కులర్లు, ఉత్తర్వులు, దరఖాస్తుల నిబంధనలు, వీనిని గురించియే మేము చెప్పుచున్నాము. వీనియందు రసము లేదు గదా, విమర్శ యేల యని కొందరడుగవచ్చును. రసము లేకున్నను ఫలము కలదు. కావ్యము అర్థము కానిచో చదువరికి ఆనందము తగ్గును. ప్రకటన అర్థము కానిచో బాలునకు చదువే తప్పిపోవును.

ప్రకటన యనగా మరుగున నున్నదానిని వెల్లడిచేయుట. అవకాశమనగా సంస్కృతమున చోటు, ఎడము. చోటున్నదని చాటి వాకిలి ఎటున్నదో చెప్పనిచో ఆ చోటుండియు లేనట్లే. మన విద్యాశాఖలనుండి వచ్చు అవకాశప్రకటనలలో పెక్కింటి స్థితి యిదియే యని మా యభిప్రాయము. దీనిని ఊరక నిందగా గాక, ఒక యుదాహరణమును చేతబట్టి విచారింతము.

ఎన్.ఎమ్.ఎమ్.ఎస్. అని మన బడులలో వ్యవహరింపబడు ఉపకారవేతన పథకమును కేంద్రప్రభుత్వము 2008వ సంవత్సరమున ప్రారంభించెను. ప్రభుత్వ పాఠశాలలు, స్థానికసంస్థల పాఠశాలలు, ఎయిడెడ్ పాఠశాలలు, వీనియందు 8వ తరగతి చదువుచు, తల్లిదండ్రుల వార్షికాదాయము 3,50,000 రూపాయలకు మించని పిల్లలు దీని పరీక్ష వ్రాయవచ్చును. దేశము మొత్తముమీద ఏటేట 1,00,000 క్రొత్త వేతనములు ఇయ్యవలెనని నియమము. ఎన్నికైన విద్యార్థికి 9వ తరగతినుండి 12వ తరగతివరకు ఏడాదికి 12,000 రూపాయల చొప్పున, నాలుగేండ్లకు 48,000 రూపాయలు ముట్టును. ఈ పథకమునందలి వివేకమును మేము కొనియాడుచున్నాము. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ఉచిత నిర్బంధ విద్యను పదునాలుగేండ్ల ప్రాయమువరకు, అనగా 8వ తరగతివరకు, చెప్పి యచ్చట నిలిచిపోయినది. చట్టము చేయి వదలు చోటనే ఈ వేతనము చేయి పట్టుకొనును. కూలికి పోవు నింటిలో ఆడుపిల్ల 9వ తరగతికి పోవుటయో, మిరపకోతకు పోవుటయో తేలునది ఆ యేటనే కదా!

ఇట్టి మేలైన పథకము ఏ భాషలో ప్రకటింపబడుచున్నదో చూడుడు. మీమాంసకులు విధివాక్యములను విభజించి, ఏ కర్మ చేయవలెనో చెప్పునది ఉత్పత్తివిధి యనియు, దానికి అంగములేవో చెప్పునది వినియోగవిధి యనియు, ఫలమున కెవ్వడు కర్తయో చెప్పునది అధికారవిధి యనియు, ఏది ముందు ఏది వెనుక యని క్రమము చెప్పునది ప్రయోగవిధి యనియు నిరూపించిరి. విధిని పొగడు వాక్యములకు అర్థవాదములని పేరు. ఒక్క యజ్ఞమును గూర్చి ఇంత జాగ్రత్త వహించిన సంప్రదాయము మనది. మన చేతికి వచ్చు సర్కులరునందు మొదటి పుట అర్థవాదముతోను, వెనుకటి ఉత్తర్వుల సంఖ్యలతోను నిండియుండును. అధికారవిధి ఆరవ పేరాలో నణగియుండును. అంగములు, అనగా ఆదాయ ధ్రువపత్రము, కుల ధ్రువపత్రము, ఆధారు, బ్యాంకు ఖాతా, ఒక్కొక్కటి ఒక్కొక్కచోట చెదరియుండును. గడువు తేది అనుబంధమున నుండును. ఇక క్రమము నెవ్వరును చెప్పరు.

ఆ క్రమమునందే కీడంతయు దాగియున్నది. పరీక్షలో ఎన్నికగుటతో పని తీరదు. ఎన్నికైన పిల్లలు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టలునందు నమోదు కావలెను. ఆ దరఖాస్తును మొదట పాఠశాలవారును, పిదప జిల్లాస్థాయివారును సరిచూడవలెను. తరువాతి ప్రతి సంవత్సరము దానిని పునరుద్ధరింపవలెను. పరీక్షయే కడపటి గడప యని తలంచి మిఠాయి పంచుకొనిన కుటుంబములు ఎన్నియో కలవు. ఇంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి. ఈ వేతనము ప్రభుత్వ, స్థానిక, ఎయిడెడ్ సంస్థలలో చదువు కొనసాగించువారికి మాత్రమే దక్కును. మన రెండు రాష్ట్రములలో 10వ తరగతి కాగానే పిల్లలు బడి విడిచి జూనియర్ కళాశాలకు పోవుట వాడుక. ప్రైవేటు కళాశాలవారు వేసవిలోనే యింటింటికి వత్తురు. అందు చేరిన పిల్లవాడు మిగిలిన రెండేండ్ల వేతనము, అనగా 24,000 రూపాయలు, కోల్పోవును. చేరుటకు ముందే ఈ మాట తండ్రికి తెలిసినచో అతడు లెక్క వేసికొని తన యిష్టము వచ్చినట్లు నిర్ణయించుకొనును. తెలియకపోయినచో అది నిర్ణయము కాదు, నష్టము మాత్రమే. ఈ యొక్క వాక్యము తెలుగున పెద్దయక్షరములతో అచ్చువేసి ప్రతి ఎన్.ఎమ్.ఎమ్.ఎస్. విద్యార్థి చేతికిచ్చుటకు అయ్యెడు వ్యయమెంత?

పోర్టలు చెప్పు మాటలలో మిక్కిలి క్రూరమైనది 'డిఫెక్టివ్' అనునది. దరఖాస్తునందు లోపమున్నచో ఆ పదము కనబడును. మే మెరిగిన యొక బాలిక పేరు ఆధారునందు ఇంటిపేరు పూర్తిగాను, బడి రికార్డునందు పొడియక్షరముగాను ఉండెను. ఇంటిపేరు ముందు వ్రాసి దానిని ఒక్క యక్షరమునకు కుదించుట తెలుగువారి వాడుక. ఆ వాడుక యెరుగని యంత్రమునకు ఇవి రెండు పేర్లు. ఆమె దరఖాస్తు త్రిప్పివేయబడెను. కారణమేమని యడుగబోయిన తండ్రికి ఒక కార్యాలయమున 'ఆన్‌లైనులో చూచుకొనుడు' అని యుత్తరమిచ్చిరి. ఆతనికి చదువు రాదు. కూలి మూడు దినములు పోగొట్టుకొని, తన కుమార్తెయందే ఏదో లోపమున్నదని యనుకొని ఆతడు ఇంటికి మరలెను. ఆ యేటి వేతనము రాలేదు. దీనిలో ఎవరి దురుద్దేశమును లేదు. ఏమి తప్పు, ఎవరు దిద్దవలె, ఎన్నటిలోగా దిద్దవలె నను మూడు మాటలు లేకపోవుటయే దోషము.

ఉపాధ్యాయులకు వచ్చు ప్రకటనల విషయము ఇంతకంటె మెరుగని చెప్పజాలము. 2017లో దీక్షా వేదిక వచ్చినది. 2019లో నిష్ఠా శిక్షణ వచ్చినది. 2020వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము ప్రతి ఉపాధ్యాయుడును ఏడాదికి 50 గంటలు వృత్తిశిక్షణమునకు వినియోగింపవలెనని చెప్పినది. 2018నుండి జాతీయ ఉత్తమోపాధ్యాయ పురస్కారమునకు ఎవరికి వారే దరఖాస్తు చేసికొను వీలు కలిగినది. ఇవి యన్నియు మంచి యుద్దేశముతో వచ్చినవే. కాని వీని ప్రకటనలు చదివినచో, 'ఇది నేర్చినచో నీ తరగతిలోని పిల్లవానికి భిన్నములు తేలికగా బోధపడును' అను మాట యెక్కడను కనబడదు. ఎన్ని మాడ్యూళ్లు, ఎన్నటిలోగా, ఎంత శాతము అనునదియే కనబడును. ఫలము చెప్పని విధిని మనస్సు గ్రహింపదు. అందుచేతనే సర్టిఫికెట్లు పెరిగినంతగా బోధన పెరుగలేదేమో యని మాకు సంశయము.

స్పష్టమైన ప్రకటన లేనిచోట వదంతి రాజ్యమేలును. 2025 సెప్టెంబరు 1వ తేదిన సర్వోన్నత న్యాయస్థానము కొలువులో నున్న ఉపాధ్యాయులకును టెట్ ఆవశ్యకమని తీర్పు చెప్పెను. ఐదేండ్లకు మించి సేవాకాలము మిగిలినవారు రెండేండ్లలో ఉత్తీర్ణులు కావలెననియు, అంతకు తక్కువ మిగిలినవారు కొనసాగవచ్చును గాని టెట్ లేనిదే పదోన్నతికి అర్హులు కారనియు ఆ తీర్పు భేదము చూపెను. ఆ రాత్రి వాట్సాపునందు తిరిగిన సందేశములలో ఈ భేదము మాయమై, కొలువులు పోవుననుమాట మాత్రము మిగిలెను. పదవీవిరమణకు రెండేండ్లున్న వృద్ధోపాధ్యాయులు సైతము నిద్ర మానిరి. తీర్పు న్యాయాన్యాయములు వేరు విచారము. పది వాక్యముల తెలుగు వివరణ మరునాటికి వచ్చియున్నచో ఆ యలజడి సగము తగ్గియుండును.

ఇక వాక్యరచన. ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూడును కుదిరినగాని పదసమూహము వాక్యము కాదని శాస్త్రము. 'చర్య తీసికొనబడును' అనినచో ఎవ్వరిచేత అను ఆకాంక్ష తీరదు. కర్మణిప్రయోగము కర్తను దాచుటకు మంచి గొంగళి. సాయంకాలము నాలుగు గంటలకు సర్కులరు పంపి ఐదు గంటలకు వివరములు పంపుడనుట యోగ్యతాలోపము. సిగ్నలు లేని మన్యపు బడులకు అది నిప్పుతో తడుపుమనుట వంటిది. అర్హత యొక ఉత్తర్వునందు, దాని సవరణ వేరొక ఉత్తర్వునందు, వాని సంఖ్యలు మాత్రము మన చేతిలోను ఉండుట సన్నిధిలోపము. ఉదయమొక పదము, మాపటికొక పదము పలికినచో వాక్యమగునా? ఇవి గాక, ఒక్క శాఖవారికే తెలిసిన పొడియక్షరములను లోకముపై చల్లుట ఆలంకారికులు చెప్పిన అప్రతీతమను దోషము. ఏ పదము దేనితో నన్వయించునో వెదుకుకొనవలసి వచ్చుట క్లిష్టత. కవి చేసినచో మనము క్షమింపని దోషములను గుమాస్తా చేసినచో ఏల క్షమింపవలె?

దీనికి ప్రత్యుత్తరములు మే మెరుగనివి కావు. శాసనభాష కచ్చితముగా నుండవలెను, తేలిక చేసినచో వివాదములు పుట్టునని యొక వాదము. కచ్చితత్వమునకును క్లిష్టతకును చుట్టరికము లేదు. బ్రిటిషు ప్రభుత్వ ఖజానాశాఖవారు కోరగా ఎర్నెస్టు గవర్సు అను పెద్ద యుద్యోగి తన తోటి యధికారులకు తేటమాటలు నేర్పుటకై 1948లో పుస్తకమే ప్రకటించెను. దానివలన ఆ దేశపు చట్టములు సడలిపోలేదు. మన సంప్రదాయముననే మార్గము కలదు. సూత్రమెంత బిగువైనను దానికి వృత్తి, ఉదాహరణము చేర్చుట మనవారి పద్ధతి. ఉత్తర్వు సూత్రమువలె నుండనిండు. ఒక్క పుట వృత్తి తెలుగున చేర్పుడు.

తెలుగున పదములు లేవను వాదము మరియొకటి. పోర్టలు, ఓటీపీ, లింకు, ఖాతా, ఇవి నేడు పల్లెలలో వాడుక పదములు. వానిని తెలుగులిపిలో నట్లే వ్రాసిన చాలును. వానికి బదులు నోరు తిరుగని సంస్కృత సమాసములు కల్పించుట మరియొక యాపద. సంస్కృతము చదివిన మేమే ఈ మాట చెప్పుచున్నాము. ఈ పత్రికలో మేము వ్రాయు శైలి పత్రికాపాఠకులకు తగినది. తల్లిదండ్రులకు పంపు చీటిని మేము ఈ శైలిలో వ్రాయము. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నున్న గిడుగు రామమూర్తి పంతులుగారు సవరబిడ్డలకు సవరభాషలోనే వాచకములు కూర్చిరి. చదువు వినువాని నోటిభాషలోనికి దిగి రావలెనన్నదే ఆయన పట్టు. 1966వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టము తెలుగును అధికారభాషగా చేసినది. అయినను నేటికిని మా కంటబడు సర్కులర్లలో పెక్కు ఆంగ్లముననే యున్నవి.

కావున మేము కోరునవి కొద్ది. ప్రతి ప్రకటన మొదటి మూడు పంక్తులలో ఎవరికి, ఏమి, ఎన్నటిలోగా అనునవి యుండవలెను. కావలసిన పత్రములు ఒక్కచోట, చేయవలసిన క్రమమున నుండవలెను. దరఖాస్తును త్రిప్పిపంపినచో కారణము, దిద్దుబాటు మార్గము, గడువు తెలుగున తెలుపవలెను. అచ్చునకు ముందు ఆ చీటిని 8వ తరగతి పిల్లవానిచేత చదివించి, అతనికి బోధపడనిది తిరిగి వ్రాయవలెను.

ప్రభుత్వము చేయువరకు మనము చేతులు ముడుచుకొని కూర్చుండ బనిలేదు. ప్రతి ప్రధానోపాధ్యాయుడును వేతనము పొందు విద్యార్థులకు ఒక పుస్తకము పెట్టి, వారు కళాశాలకు పోయిన పిదపను పునరుద్ధరణ కాలమున కబురు పంపవచ్చును. ప్రార్థనాసమయమున వార్తలు చదివించునట్లే గడువులను చదివింపవచ్చును. తెలుగు పండితులు వ్యాసరచనకు వసంతకాలమును, వెన్నెలరాత్రిని ఇచ్చుటతోపాటు, వచ్చిన సర్కులరునొకదానిని ఇచ్చి 'దీనిని నీ తల్లికి అర్థమగునట్లు వ్రాయుము' అని చెప్పవచ్చును. వచనరచనకు ఇంతకంటె మంచి పరీక్ష మాకు తోచదు. ఆ పరీక్షలో మన పిల్లలు నెగ్గుదురు. వారి ప్రతులను పై కార్యాలయములకు పంపినచో అచ్చటివారికిని కొంత శిక్షణ జరుగును.