ఇసుకకు ఇరుపక్కలా

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రానికి వాయవ్య కొసన, ఈరీ నగరానికి ఎదురుగా, కొడవలిలా వంపు తిరిగిన ఇసుక నేల ఒకటి సరస్సులోకి సాగి ఉంటుంది. దాని పేరు ప్రెస్క్ ఐల్. 1921 నుంచి అది స్టేట్ పార్కు. విస్తీర్ణం దాదాపు 3,200 ఎకరాలు. పడమటి కొస గట్టునేలకు అంటుకుని ఉంటుంది. అక్కణ్నుంచి సన్నని మెడలా బయలుదేరి, ఈశాన్యంగా పోతూ వెడల్పవుతుంది. బయటి అంచు ఈరీ సరస్సుకు ముఖం పెట్టి ఉంటుంది, కాబట్టి అక్కడ అలలు. లోపలి అంచు ప్రెస్క్ ఐల్ అఖాతాన్ని చుట్టుకుని ఉంటుంది, కాబట్టి అక్కడ నిలకడ నీరు. మెడ దగ్గర ఈ పక్క నుంచి ఆ పక్కకు నడిచిపోవడానికి ఎంతోసేపు పట్టదు. ఒకే పూట రెండు రకాల నీటినీ చూడగలగడమే ఈ పార్కుకు వచ్చేవారికి దక్కే మొదటి లాభం. ఆ రెండింటి స్వభావం తెలిసి వస్తే లాభం రెట్టింపవుతుంది.

సరస్సు అనగానే తెలుగువారికి కొల్లేరో హుస్సేన్ సాగరో మనసులో మెదులుతాయి. ఈరీ వేరు. పొడవు 388 కిలోమీటర్లు, అంటే సుమారుగా హైదరాబాద్ నుంచి రాజమండ్రికి రోడ్డు దూరం. వెడల్పు 92 కిలోమీటర్ల వరకు ఉంటుంది. అవతలి ఒడ్డు కెనడా, అది కంటికి ఆనదు. నీరు మాత్రం మంచినీరు. ఉత్తర అమెరికా మహా సరస్సులు ఐదింటిలోనూ లోతు తక్కువది ఇదే: సగటున 19 మీటర్లు, మహా అయితే 64. ఈ లోతు తక్కువే దాని కోపానికి కారణం. లోతు లేని నీటిని గాలి తొందరగా లేపుతుంది. పొద్దున అద్దంలా ఉన్న నీరు మధ్యాహ్నానికి తెల్లని నురగలు కక్కడం ఇక్కడ మామూలే.

బంగాళాఖాతం కెరటం ఎక్కడో దూరాన పుట్టి, వందల కిలోమీటర్లు ప్రయాణించి విశాఖ ఒడ్డుకు చేరుతుంది. అందుకే కెరటానికీ కెరటానికీ మధ్య కాస్త వ్యవధి ఉంటుంది, మనిషి ఊపిరి తీసుకుని నిలదొక్కుకోవచ్చు. సరస్సు అల అక్కడి గాలికే అక్కడే పుడుతుంది. పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెనక ఒకటి నాలుగైదు సెకన్లకే వచ్చి పడుతుంది. ఎత్తు చూసి చిన్న అలే కదా అనుకుంటే పొరపాటు, తెరిపి ఇవ్వకపోవడమే దాని బలం. దానికితోడు మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక, మనిషిని అంతగా తేల్చదు. సముద్రంలో ఈతకు అలవాటుపడ్డవారికి ఇక్కడ ఒళ్లు బరువెక్కినట్టు ఉంటుంది.

ఆటుపోట్లు చెప్పుకోదగ్గంత లేవు. వాటి స్థానంలో ఇంకో కదలిక ఉంది. పడమటి గాలి గంటల తరబడి బలంగా వీస్తే సరస్సు నీరంతా తూర్పుకొసన బఫెలో వైపు ఎగదన్నుకుపోతుంది, పడమటి కొసన టొలీడో దగ్గర మట్టం పడిపోతుంది. గాలి తగ్గాక ఆ నీరు వెనక్కి మళ్లి, సరస్సు ఈ కొస నుంచి ఆ కొసకు ఊగుతుంది. తుపాను గాలి దాటిపోయిందని వెంటనే నీళ్లలోకి దిగకపోవడానికి ఇదొక్కటే చాలు.

ఈ ఇసుక నేలను పుట్టించిందీ ఈ గాలీ అలలే. మంచుయుగం చివర హిమానీనదాలు వెనక్కి తగ్గుతూ వదిలిపెట్టిన ఇసుకను, పడమర నుంచి వచ్చే అలలు ఒడ్డు వెంబడి తూర్పుకు తోసుకుంటూ వచ్చి మేట వేశాయి. తోపుడు నేటికీ ఆగలేదు. మెడ దగ్గర కోత, తూర్పుకొస గల్ పాయింట్ దగ్గర మేట. కాకినాడ ముందు హోప్ ఐలాండ్‌ను ఎరిగినవారికి ఈ పని కొత్త కాదు. గోదావరి తెచ్చిన ఇసుకను కెరటాలు పొడవుగా పేర్చి, లోపల కాకినాడ అఖాతాన్ని నిలకడ నీరుగా మార్చాయి. ఓడలకు ఆ చాటే అక్కరకొచ్చింది. ఈరీ రేవు కథా అదే.

మెడ ఎప్పుడూ గట్టిగా నిలవలేదు. 1830ల్లో ఒక చలికాలపు తుపానుకు తెగి, మూడు దశాబ్దాల పాటు అలాగే తెరుచుకుని ఉంది. ఆ కాలమంతా ప్రెస్క్ ఐల్ నిజంగానే ద్వీపం. తర్వాతి తరాలు గోడలు కట్టాయి, ఇసుక తెచ్చి పోశాయి. 1992 నాటికి సరస్సువైపు తీరానికి కొంత దూరంలో, నీటిలో 55 రాతి అడ్డుగట్లు పూర్తయ్యాయి. గట్టుకూ గట్టుకూ మధ్య ఖాళీ వదిలారు. పెద్ద అల గట్టుకు తగిలి బలం పోగొట్టుకుంటుంది, దాని వెనక నీరు నెమ్మదించి ఇసుకను దించుతుంది. అందుకే ఒడ్డు ఇప్పుడు గట్ల వెనక ముందుకు ఉబికి, ఖాళీల ఎదుట లోపలికి ఒంగి కనిపిస్తుంది. గట్లు వచ్చినా ఇసుక పోయడం తప్పలేదు. పార్కు నిలబడాలంటే ఈ ఖర్చు భరించాల్సిందే. రోడ్లూ అడవీ లైట్‌హౌసూ అన్నీ ఆ కదిలే ఇసుక మీదే ఉన్నాయి మరి.

ఈ గట్ల వల్ల సరస్సువైపే మూడో రకం నీరు పుట్టింది. గట్టు చాటున నడుంలోతు వరకు నెమ్మదైన నీరు. పిల్లలకు అది బాగుంటుంది. గట్ల మధ్య ఖాళీల్లో మాత్రం సంగతి వేరు. లోపలికి వచ్చిన నీరు తిరిగి సరస్సులోకి పోవడానికి దొరికే దారి అదే కాబట్టి, అలలున్న రోజున అక్కడ లాగుడు ఉంటుంది. రాళ్లెక్కడం, రాళ్ల దాకా ఈదడం రెండూ మానుకోవాలి. లాగుడులో చిక్కితే ఒడ్డుకు ఎదురీది అలిసిపోకూడదు. వెల్లకిలా తేలి, ఊపిరి కుదుటపడ్డాక, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు జరిగి బయటపడాలి.

ఈతకు కేటాయించిన తీరాలు ఈ బయటి అంచునే ఉన్నాయి. చాలావాటిని అంకెలతో పిలుస్తారు. పడమటివైపు వాటికి గాలీ అలలూ ఎక్కువ. సన్‌సెట్ పాయింట్ దగ్గర గాలిపటాలు ఎగరేసేవాళ్లు కనిపిస్తారు. సూర్యుడు నీళ్లలోకి దిగడం చూడాలన్నా అటే వెళ్లాలి. తూర్పున పదకొండో బీచ్ థాంప్సన్ బే అనే వంపులో, గల్ పాయింట్ చాటున ఉంటుంది. లోతు తక్కువ, నీరు నెమ్మది. పసిపిల్లలతో, పెద్దవాళ్లతో వచ్చిన కుటుంబాలు అక్కడ చేరతాయి. లైఫ్‌గార్డులు ఉండేది మే ఆఖరి నుంచి సెప్టెంబరు మొదటి సోమవారం దాకా, అదీ పగటి వేళల్లోనే. జూన్‌లో ఎండ కాసినా నీరు చల్లగానే ఉంటుంది, జూలై ఆగస్టుల్లోనే ఒంటికి పడుతుంది.

ఏ తీరం ఎంచుకోవాలో అంకె చెప్పదు, గాలి చెబుతుంది. పడమర, వాయవ్య గాలి వీచే రోజు అలలు కోరేవారికి బయటి తీరం, నిమ్మళం కోరేవారికి పదకొండో బీచ్. దక్షిణ గాలి వీచే రోజు లెక్క తారుమారు. అప్పుడు గాలి ఒడ్డు మీదుగా సరస్సులోకి పోతుంది, బయటి తీరం కూడా ఒక్క ముడత లేకుండా ఉంటుంది. చాలామందికి ఎరుకలేని ప్రమాదం ఇక్కడే. ఆ నునుపు నీటి మీద గాలి నింపిన ట్యూబులో కూర్చున్న బిడ్డ, చూస్తుండగానే ఒడ్డుకు దూరమైపోతుంది. అల ఎదురైతే మనిషి తనంతట తనే ఆగుతాడు, చదునైన నీటి దగ్గర ఆ ఆగడం ఉండదు. కాబట్టి తీరానికి చేరగానే చెప్పులు విప్పడానికి ముందు కాసేపు నిలబడి జెండాలు, చెట్ల ఆకులు ఎటు ఊగుతున్నాయో చూడటం అలవాటు చేసుకోవాలి. తీరానికి వెళ్లడం ఒక విద్య అయితే దానిలో మొదటి పాఠం ఇదే.

లోపలి అఖాతం ఈతకు కాదు, పడవలకు. సగటు లోతు సుమారు 4 మీటర్లు. అడుగున నాచు, కలుపు పెరుగుతాయి, వాటి మధ్య చేపలు పెరుగుతాయి. పెర్చ్, బాస్ కోసం గేలం వేసేవారు ఏడాది పొడవునా వస్తారు. ద్వీపకల్పం నడిమధ్యన ఉన్న మడుగుల్లో కయాక్‌లో తెడ్డు వేసుకుంటూ పోతే తామరాకుల మధ్య తాబేళ్లు ఎండ కాగుతూ కనబడతాయి. ఈ నిలకడకు ఒక మూల్యమూ ఉంది. కదలని నీరు నగరం పారబోసిన మురికినీ ఫ్యాక్టరీల వ్యర్థాలనూ తనలోనే దాచుకుంది, అడుగున తిరిగే చేపలకు కణుతులు వచ్చాయి. 1991లో ఈ అఖాతాన్ని మహా సరస్సుల ఆందోళనకర ప్రాంతాల జాబితాలో చేర్చారు. మురుగునీటి శుద్ధిని మెరుగుపరిచి, ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉన్న తర్వాత 2013లో జాబితా నుంచి తీసేశారు. పాడుచేసిన నీటిని తిరిగి బాగుచేసుకోవచ్చునని చూపిన ఈ పని, బీచ్‌లకు దక్కే పొగడ్తల కంటే ఎంతో గొప్పది.

నిలకడ నీరు చరిత్రలోనూ పని చేసింది. 1812లో మొదలైన యుద్ధంలో అమెరికా నౌకాదళ అధికారి ఆలివర్ హజార్డ్ పెరీ ఓడల్లో ఆరు ఈ అఖాతంలోనే తయారయ్యాయి. అఖాతం ముఖద్వారాన ఉన్న ఇసుక మేట బ్రిటిష్ ఓడలను లోపలికి రానివ్వలేదు. అదే మేట పెరీ పెద్ద ఓడలను బయటికీ పోనివ్వలేదు. 1813 ఆగస్టు మొదట్లో ఫిరంగులు దించి, ఓడకు ఇరుపక్కలా పెద్ద చెక్కపెట్టెలు నీటితో నింపి కట్టి, ఆ నీటిని తోడేసి, ఓడను పైకి లేపి మేట దాటించారు. సెప్టెంబరు 10న పుట్-ఇన్-బే దగ్గర బ్రిటిష్ దళాన్ని గెలిచి తిరిగొచ్చిన నావికుల్లో చాలామంది ఆ చలికాలంలో మశూచితో చనిపోయారు. వాళ్లు లంగరు వేసిన చోటును నేటికీ మిజరీ బే అంటారు. యుద్ధం ముగిశాక పెరీ ఓడల్లో ఒకటైన నయాగరాను అక్కడే నీటిలో ముంచి ఉంచారు. చల్లని మంచినీరు కలపను కాపాడింది. 1913లో దాన్ని పైకి తీశారు. తిరిగి కట్టిన నయాగరాను ఈరీ రేవులోని మ్యూజియం దగ్గర చూడవచ్చు. పార్కులో 1926లో లేచిన పెరీ స్మారకం ఎత్తు 101 అడుగులు.

1873లో వెలిగిన లైట్‌హౌస్ సరస్సువైపు ఉంటుంది. దాని కాపలాదారు పడవ మాత్రం మిజరీ బేలో ఉండేది. అలలవైపు పడవ కట్టడం కుదరక, అడవి మధ్యగా దారి వేసుకుని ఇటు వచ్చేవారు. ఆ దారి ఇప్పుడూ ఉంది. నడిచేవారికి పార్కులో అంతకన్నా మంచి బాట లేదు. అలల చప్పుడు వెనకబడి, ఇసుక గడ్డి, కాటన్‌వుడ్ చెట్లు, పొదలు, చివరికి పెద్ద అడవి వరసగా వస్తాయి. ఇసుక వయసు పెరిగేకొద్దీ దాని మీద మొలిచేవి ఎలా మారతాయో ఇంత దగ్గరదగ్గరగా చూపే చోట్లు అరుదు. 1900ల తొలినాళ్లలో వృక్షశాస్త్రవేత్త ఆటో జెన్నింగ్స్ దీన్ని అధ్యయనం చేశారు.

గల్ పాయింట్‌లో కొంత భాగాన్ని ఏప్రిల్ నుంచి నవంబరు చివరి దాకా మనుషులకు మూసేస్తారు. వలసపక్షులు దిగే చోటు అది. పైపింగ్ ప్లవర్ అనే చిన్న ఇసుక పిట్ట దశాబ్దాల తర్వాత 2017లో అక్కడ మళ్లీ గూడు పెట్టింది. హద్దు తాడు దాటకపోవడం ఇక్కడికి వచ్చే ప్రతి ఒక్కరి పని.

పిట్స్‌బర్గ్ నుంచి కారులో రెండు గంటల ప్రయాణం. పెన్ హిల్స్‌లోని వెంకటేశ్వరస్వామి గుడిని దర్శించుకుని నయాగరా జలపాతం వైపు బయలుదేరే తెలుగు కుటుంబాలకు ఈరీ దారిలోనే తగులుతుంది. పార్కులోకి రుసుము లేదు. మద్యం నిషిద్ధం. భారీ వాన పడిన మర్నాడు బ్యాక్టీరియా పెరిగితే తీరాలకు హెచ్చరిక పెడతారు, ఆ బోర్డు చదివే దిగాలి. పులిహోర డబ్బాలు తెరిచిన చోట గల్ పక్షులు మూగుతాయి, వాటికి మెతుకు వేయకూడదు.

చలికాలంలో ఇరుపక్కల తేడా ఇంకా స్పష్టమవుతుంది. అఖాతం చదునుగా గడ్డకడుతుంది. మంచు మందం సరిచూసుకుని, రంధ్రం తొలిచి, చేపలు పట్టేవారు దాని మీద కూర్చుంటారు. సరస్సువైపు అలలు చిమ్మిన నీరు ఒడ్డున గడ్డకట్టి మంచు దిబ్బలుగా పేరుకుంటుంది. పైకి గట్టిగా కనిపించే ఆ దిబ్బలు లోపల బోలుగా ఉంటాయి, కింద చల్లటి నీరు. వాటిని ఇసుక మీద నిలబడి చూడాలే తప్ప ఎక్కకూడదు.