ఎదగనొల్లని బాల్యం: పలకల సీమ నుంచి ఒక పఠనం

ఎదగడానికి ఇష్టపడని బాలుడు అనగానే బాలసాహిత్య విమర్శకు ముందుగా గుర్తుకువచ్చేవాడు పీటర్ పాన్. జె.ఎం. బారీ 1904లో నాటకంగా, 1911లో నవలగా మలచిన ఈ పాత్ర పేరును మనస్తత్వ విశ్లేషణ కూడా అరువు తెచ్చుకుంది. పీటర్ దేనిని నిరాకరిస్తున్నాడన్న ప్రశ్నకు వచ్చిన సమాధానాలు ఎక్కువగా కామం, కాలం, మరణం చుట్టూనే తిరిగాయి. అవి నిరాధారమైనవి కావు. బారీ అన్న డేవిడ్ 1867లో, పద్నాలుగో ఏడు నిండకముందే మరణించాడు. ఆ కొడుకు తన మనసులో ఎప్పటికీ బాలుడిగానే ఉండిపోతాడన్నదే తల్లికి దక్కిన ఊరట. ఎదగని బిడ్డ వెనుక చనిపోయిన బిడ్డ ఉన్నాడనడం అందువల్ల సమంజసమే. అయితే కథలో పీటర్ స్వయంగా చెప్పుకునే కారణం ఇంతకన్నా సాదాసీదాది. బడికి పంపుతారు, ఆ తర్వాత ఆఫీసుకు పంపుతారు, చివరకు మీసాలూ గడ్డాలూ వస్తాయి. అతని దృష్టిలో బాల్యానికి గండం బడి గడపలోనే పొంచి ఉంది. ఎ.ఎ. మిల్న్ 1928లో రాసిన 'ది హౌస్ ఎట్ పూ కార్నర్' చివర క్రిస్టోఫర్ రాబిన్ తన బొమ్మ ఎలుగుబంటి దగ్గర తీసుకునే వీడ్కోలులో వినిపించేది కూడా ఈ దిగులే. ఏ పనీ లేకుండా తిరిగే హక్కు చదువుతో పోతుందని ఆ పిల్లవాడికి అర్థమైంది.

బడి మొదలైతే బాల్యం ముగుస్తుందన్న ఈ సూత్రం ఎక్కడైనా నిలుస్తుందా? పశ్చిమ ప్రకాశంలో నిలబడి చదివితే అది తలకిందులవుతుంది.

మార్కాపురం పేరు తెలుగు పిల్లలకు భూగోళ పాఠంలో కన్నా ముందు చేతికే తెలుసు. అక్షరాభ్యాసం నాడు బియ్యం పళ్ళెం పక్కన పెట్టిన రాతిపలక తరతరాలుగా ఎన్నో ఇళ్ళకు ఈ పరిసరాల గనుల నుంచే చేరింది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లా నుంచి విడివడి వచ్చిన మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు మెట్టభూములవి, వాన మీద ఆధారపడినవి. పొలం ఆదుకోని ఏడు కూలిపనే దిక్కు. రాయిని తవ్వి, పొరలుగా చీల్చి, కోసి, నునుపు చేసి, చట్రం బిగించేదాకా సాగే పలకల పనిలోకి పిల్లలు కూడా వచ్చారు. ఇది ఊహ కాదు. 1986 నాటి బాలకార్మిక చట్టం, 1987 నాటి జాతీయ విధానం తరువాత 1988లో ప్రారంభమైన జాతీయ బాలకార్మిక ప్రాజెక్టుల తొలి కేంద్రాలలో శివకాశి అగ్గిపెట్టెలు, మందసౌర్ బలపాలతో పాటు మార్కాపురం పలకలూ ఉన్నాయి. ఒక చోట బలపం, మరొక చోట పలక. రెండూ పిల్లల కోసమే, రెండింటి తయారీలోనూ పిల్లల చేతులు! పనిలోంచి తప్పించిన పిల్లలకు ఆ ప్రాజెక్టు చూపిన ప్రధాన మార్గం ప్రత్యేక పాఠశాల: చదువు, భోజనం, కొంత భృతి.

అంటే ఇక్కడ బడి బాల్యం నుంచి బయటకు పోయే ద్వారం కాదు, బాల్యంలోకి వచ్చే ద్వారం. పీటర్ కిటికీలోంచి ఎగిరి తప్పించుకున్న గదిలోకి మార్కాపురం పిల్లవాడు తలుపు తట్టి రావలసి వచ్చింది. పలక తయారుచేసే పిల్లవాడు అప్పటికే పెద్దవాడు. అతడు ఎదగడానికి ఇష్టపడ్డాడా లేదా అని అడిగినవారు లేరు. తెలుగు పలుకుబడి ఈ సంగతిని దాచదు. సంపాదనకు వచ్చిన కొడుకును 'చేతికంది వచ్చిన బిడ్డ' అంటారు. అక్కడ ఎదుగుదలకు కొలత బిడ్డ వయసు కాదు, తల్లిదండ్రుల అవసరం. ఆడపిల్ల విషయంలో భాష మరింత నిక్కచ్చిగా ఉంటుంది: ఒకానొక దినాన ఆమె 'పెద్దమనిషి' అవుతుంది, ఆ దినంతో ఆట ముగుస్తుంది. నెవర్‌లాండ్‌లో కూడా వెండీకి దక్కినది తల్లి పాత్రే కదా! తప్పిపోయిన బాలురకు కథలు చెప్పడం, చిరిగిన బట్టలు కుట్టడం ఆమె వంతు. నిరాకరణ అనే విలాసం ఆ ద్వీపంలోనూ మగపిల్లలదే.

తెలుగువారి కథాసంప్రదాయంలో ఎదగని బాలురు లేకపోలేదు. బ్రహ్మ మానసపుత్రులైన సనకసనందనాదులు సృష్టికార్యాన్ని నిరాకరించి ఎప్పటికీ అయిదేళ్ళ బాలురుగానే ఉండిపోయారు. పోతన భాగవతం తృతీయ స్కంధంలో వైకుంఠ ద్వారం దగ్గర జయవిజయులు అడ్డగించినది వీరినే. మార్కండేయుడు పదహారేళ్ళ వద్ద ఆగిన చిరంజీవి. అయితే వీరిని పీటర్ పక్కన నిలబెట్టడంలో తొందర పనికిరాదు. సనకాదులు రూపంలోనే పిల్లలు, జ్ఞానంలో అందరికన్నా పెద్దలు. వారు కాదన్నది ఎదుగుదలను కాదు, సంసారాన్ని. మార్కండేయుడు తప్పించుకున్నది మృత్యువును. బాల్యం కోసం బాల్యాన్ని పట్టుకు వేలాడినవారు వీరిలో ఎవరూ లేరు.

ఈ విషయంలో ప్రహ్లాదుడి కథ మరింత తెరిచి చూపుతుంది. గిద్దలూరు నుంచి నల్లమల దాటితే వచ్చే అహోబిలాన్ని ఆధారం చేసుకుని ఎర్రన నృసింహపురాణం రాశాడు. అందువల్ల ఇది ఈ ప్రాంతపు పిల్లలకు కొండ అవతలి కథ. ప్రహ్లాదుడు బడి మానడు. చండామార్కుల దగ్గర కూర్చుంటాడు, అప్పగించిన పాఠాన్ని మాత్రం తిరస్కరిస్తాడు. గురువులు లేని వేళ తోటి పిల్లలను చేరదీసి తానే పాఠం చెబుతాడు. పోతన ప్రహ్లాదుడైతే నూరేళ్ళ ఆయువులో ఆటపాటలకు పోయే ఏళ్ళను నష్టం కిందే లెక్కవేస్తాడు. బాల్యాన్ని నిధిగా చూసే దృష్టి ఇక్కడ లేదు. పెద్దలు చెప్పినట్లు ఎదగకపోవడం ఉంది, ఎదగకపోవడం లేదు.

ఆధునిక కాలంలో చందమామ కథలు కూడా ఈ దారినే నడిచాయి. 1947లో మొదలైన ఆ పత్రిక జానపద కథలలో కుర్రవాడు ఇల్లు వదిలేది పెళ్ళికీ రాజ్యానికీ చేరడానికే; ఎదుగుదల అక్కడ బహుమతి. 1950ల మధ్యలో ఆంధ్రపత్రిక వారపత్రికలో ముళ్ళపూడి వెంకటరమణ సృష్టించి, బాపు బొమ్మలతో రూపం పోసిన బుడుగు ఇంకో అడుగు ముందుకు వేశాడు. అమ్మానాన్నలను రాధ, గోపాళం అని పేర్లతో పిలిచే ఈ పిల్లవాడికి తాను పిల్లవాడినన్న సంగతే అంగీకారం కాదు. ప్రైవేటు మేష్టర్లు అతని పాలిట శత్రువులు, లేదా అతడే వారి పాలిట. పీటర్ పెద్దవాడు కానంటాడు, బుడుగు ఇప్పటికే అయ్యానంటాడు. అయినా ఇద్దరూ ఎదగరు, ఎందుకంటే వారిని ఎదగనివ్వనిది రచయిత, ఆ రచయితను చదివి మురిసే పెద్దవాళ్ళు. ఎదగడానికి విముఖత నిజానికి పిల్లలది కాదు, వారిని చూస్తున్నవారిదన్న వాదానికి బుడుగు కన్నా గట్టి సాక్షి దొరకడు. బామ్మ, బాబాయి, పక్కింటి పిన్నిగారు, వచ్చిపోయే మేష్టర్లు — ఇంతమంది కాపు కాస్తేగాని ఆ అల్లరి సాగదు. పీటర్ దగ్గరి బాలురు కూడా, దాది ఏమరుపాటున చిన్నపిల్లల బండిలోంచి జారిపడినవారే. దాది లేని ఇంటి పిల్లవాడు నెవర్‌లాండ్‌కు తప్పిపోలేడు.

పాశ్చాత్య సాహిత్యంలో ఈ ఖాళీని ముందే గుర్తించిన గ్రంథం ఒకటుంది. చార్లెస్ కింగ్స్‌లీ 1863లో ప్రచురించిన 'ది వాటర్ బేబీస్'లో టామ్ పొగగొట్టాలలోకి పాకి మసి దులిపే కూలిబిడ్డ. నీటిలో మునిగి జలశిశువుగా మారిన తరువాతే అతనికి ఆట, శిక్షణ, పేరుపెట్టి పిలిచే మనుషులు దొరుకుతారు. కూలిబిడ్డకు బాల్యం దక్కాలంటే ముందు ఈ లోకాన్ని విడవాలన్న కఠోరమైన ఊహ అది. మరుసటి ఏడే, 1864లో, పొగగొట్టాల పనిలో పిల్లల వినియోగాన్ని అరికట్టే చట్టం బ్రిటన్‌లో మరోసారి వచ్చింది. కింగ్స్‌లీ నీతిబోధ నేటి పాఠకుడికి విసుగు పుట్టించేదే, కొన్ని జాతులపై అతని వ్యాఖ్యలు క్షమించదగినవీ కావు. అయినా చివరకు టామ్ ఎదుగుతాడు, ఆవిరియంత్రాలు తెలిసిన శాస్త్రజ్ఞుడవుతాడు. బాల్యం అందిన బిడ్డకు ఎదుగుదలంటే భయం లేదని ఆ ముగింపు చెబుతుంది. పీటర్ కన్నా టామ్ మార్కాపురానికి దగ్గరివాడు.

ప్లాస్టిక్ పలకలు, నోటుపుస్తకాలు వచ్చాక రాతిపలక బడిసంచిలోంచి జారిపోయింది. మార్కాపురం రాయి ఇప్పుడు గచ్చులకు, గోడలకు పలకరాళ్ళుగా వెళుతోంది. 1988 తరువాత ఆ ప్రత్యేక పాఠశాలల బల్లల మీద కూర్చున్న తొలితరం పిల్లలు నేడు నడివయసు వారు. తాము ఎప్పుడు పెద్దయ్యారని అడిగితే వారు ఏ ఏడు చెబుతారు, బడిలో చేరిన ఏడా, అంతకుముందు పనిలో చేరిన ఏడా? ఎదగనొల్లని బాలుడి గురించి తెలుగులో జరిగే తరువాతి పరిశోధన ఆ జవాబు దగ్గర మొదలుకావచ్చు.