పూరీ రథచక్రం, ఖరగ్‌పూర్ కళ్ళతో

ఖరగ్‌పూర్‌లో మా తెలుగువాళ్ళకు సముద్రం మీద మనసు పోతే పూరీ రైలెక్కుతాం. ఒక వైశాఖంలో చిన్నాన్నతో వెళ్ళాను. రైల్వే వర్క్‌షాపులో చక్రాల దగ్గరే ఉద్యోగమంతా చేసి రిటైరైన మనిషి. ఒడ్డుకు నడవకుండా, జగన్నాథ గుడి ముందున్న పెద్దవీధి బడదండ మీద రథయాత్రకు రథాలు కడుతున్నచోట ఆగిపోయాడు.

అక్షయ తృతీయ నాడు మొదలయ్యే పని అది. జగన్నాథుడి నందిఘోషకు 16 చక్రాలు, బలభద్రుడి తాళధ్వజానికి 14, సుభద్ర దర్పదళనానికి 12. మొత్తం 42, ఏటా కొత్తగా చేసినవే. ఒక్కొక్కటి మనిషిని మించిన ఎత్తు.

చక్రం నడుమ ఉండేది కుండ. ఒడియాలో తుంబ అంటారు. దుంగను గుండ్రంగా చెక్కి, ఇరుసు పట్టేలా మధ్యన తొలిచి, చుట్టూ ఆకులు దిగడానికి తొర్రలు తీస్తారు. ఆకు మొదలు కుండలోకి, కొస పైనున్న వంపు చెక్కలోకి దిగుతాయి. ఆ వంపు చెక్కల్నే మన బండి చేసేవాళ్ళు పూఠీలంటారు, అక్కడ పహి. పూఠీలు ఒకదాన్నొకటి ఒరుసుకుని వలయమైతే ఆకులు బయటికి జారవు. ఆకులు నిలిస్తే వలయం లోపలికి కుంగదు. బరువు ఎప్పుడూ నేలవైపున్న ఆకుల మీదే. చక్రం తిరిగేకొద్దీ ఆ మోత ఒక ఆకు నుంచి మరో ఆకుకు మారుతుంది. తొర్ర వదులైతే ఆకు ఆడుతుంది, మరీ బిగుతైతే కుండ చీలుతుంది. ఆ మధ్యనున్న వెంట్రుకవాసిని పట్టుకోవడమే పని. అందుకే వడ్రంగి నాలుగు దెబ్బలు కొట్టి, ఆకు పెట్టి చూసి, తీసి, మళ్ళీ ఉలి పట్టాడు.

చేతిలో నక్షా లేదు, టేపు లేదు. కొలత కర్రే ఆధారం, లెక్కంతా మూరల్లో. ఈ రథాలు చేసే మహారాణా వడ్రంగులకు ఇది తాతముత్తాతల నుంచి వస్తున్న విద్య.

‘‘మన దగ్గర చక్రాన్ని ప్రెస్సుతో ఇరుసుకు బిగించేస్తాం, రెండూ కలిసే తిరుగుతాయి. ఇక్కడ ఇరుసు తిరగదు, చక్రమే తిరుగుతుంది. సూడరా, ఊడిపోకుండా ఈ చీల!’’ అన్నాడు చిన్నాన్న. రైలు చక్రం పట్టా దిగకుండా లోపలివైపు అంచు కాస్తుంది. రథానికి పట్టా లేదు, స్టీరింగూ లేదు. దారి సరిచేయాల్సింది తాళ్ళు లాగే జనమే. ఆపాలంటే చక్రం ముందు దుంగ వేయాలి.

అరిగిన రైలు చక్రాన్ని లేతు మీద తరిగి మళ్ళీ వాడతాం. ఈ రథాల్ని మాత్రం యాత్ర కాగానే విప్పేస్తారు, కర్రలో చాలామటుకు గుడి వంటశాల పొయ్యిల్లోకి పోతుంది. అంతమాత్రానికి ఇంత నైపుణ్యమా అని నేను నోరు తెరవబోయేలోగా, చిన్నాన్న వడ్రంగిని కళ్ళతోనే అడిగి, రెండు పూఠీల అతుకు మీద బొటనవేలు గోరు పెట్టి లాగాడు. గోరు దిగలేదు.

సముద్రం సాయంత్రం చూశాం.