ఆటలో నేర్పు, బ్రతుకులో జ్ఞాపకము

కంప్యూటరుపై దినమునకు కొంతసేపు ఆటలాడినచో వృద్ధుల మతిమరపు పోవునను ప్రచారము కలదు. దీనిని పరీక్షించి చూతము.

అమెరికాలో 65 ఏండ్లు, ఆపై వయసుగల 2,832 మందిపై జరిగిన 'యాక్టివ్' పరిశోధన ఫలితములు 2002లో వెలువడినవి. జ్ఞాపకశక్తిని సాధన చేసినవారు జ్ఞాపకములోనే, తర్కమును సాధన చేసినవారు తర్కములోనే, కంప్యూటరుపై అభ్యసించినవారు చూచి గ్రహించు వేగములోనే మెరుగైరి. ఒకదాని సాధన మరొకదానికి అక్కరకు రాలేదు. వేగసాధన చేసినవారిలో పదేండ్లలో, బుద్ధి క్షీణించు డిమెన్షియా వ్యాధి కొంత తక్కువగా కనిపించినదని 2017లో ప్రకటించిరి. ఇది ఆశాజనకమే. కాని వారు చేరునాటికి ఆ వ్యాధి లేనివారు. పోయిన జ్ఞాపకము తిరిగి వచ్చునని దీని అర్థము కాదు.

ఈ భేదమును మరుగుపరచుటయే తప్పు. 'లుమోసిటీ' ఆటల సంస్థ తన ప్రచారమునకు తగిన ఆధారములు లేవను అభియోగముపై, 2016లో 20 లక్షల డాలర్లు అమెరికా ప్రభుత్వమునకు చెల్లించుటకు అంగీకరించినది.

మెదడుకు పని కల్పించునది కంప్యూటరు ఒక్కటే కాదు. హైదరాబాదు నిమ్స్‌లో 648 మంది రోగులను పరిశీలించిన డాక్టర్ సువర్ణ అల్లాడి బృందము, రెండు భాషలు మాటలాడువారికి డిమెన్షియా సుమారు నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా వచ్చినదని 2013లో తెలిపినది. చదువురానివారిలోను ఈ తేడా కనిపించినది. తెలుగుతోబాటు ఒడియా వినిపించు మా నరసన్నపేట ప్రాంతమువారికి ఇది ఆసక్తికరము. అయినను ఇదియు పరిశీలనయే గాని ప్రయోగము కాదు.

సంతకు పోయిన తాత ఇంటిదారి మరచినచో ముందుగా వైద్యునికి చూపవలెను. బి12 విటమిను లోపము, థైరాయిడు మాంద్యము వంటి, చికిత్సకు లొంగు కారణములు ఉండవచ్చును. ఆటలో హెచ్చిన మార్కులు చూచి సంతోషించి ఆ కాలమును పోగొట్టుకొనరాదు.