పాట ఎక్కడ? – ‘డ్రీమ్’ అను రికార్డును గూర్చి

ఇటీవల ఒక సాయంకాలమున కొంతం చౌక్‌లోని ఒక ఇంట మేము కొందరము కూడి ఒక రికార్డును వింటిమి. అది క్రొత్తది కాదు. 1995లో ఇంగ్లండునుండి వెలువడినది. దాని పేరు ‘డ్రీమ్’, అనగా కల. అట్టపై రెండు పేర్లు కలవు. ఒకటి పాలకొల్లున పుట్టిన మన మాండొలిన్ యు. శ్రీనివాస్‌ది, రెండవది కెనడా దేశీయుడైన గిటారు వాద్యకారుడు మైకేల్ బ్రూక్‌ది. ప్రక్క వీథిలో సాంచాల చప్పుడు సద్దుమణిగిన వేళ అది. గోడవార కూర్చుండి బీడీలు చుట్టుచున్న ఆ ఇంటి అవ్వ కొంతసేపు ఓపికతో విని, “పాట ఎప్పుడు షురూ అయితది బిడ్డా?” అని అడిగెను. యువకులు నవ్విరి. మాకు మాత్రము నవ్వు రాలేదు. ఎంతో చదివిన విమర్శకుడును అడుగదగిన ప్రశ్న యది. దానికి సమాధానము వెదకుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ముందుగా ఈ ఇరువురిని గూర్చి చెప్పవలెను. శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28వ తేదీన జన్మించెను. ఆరేండ్ల వయసున తండ్రిగారి మాండొలిన్‌ను చేతబట్టెను. చెంబై వైద్యనాథ భాగవతారు శిష్యులైన రుద్రరాజు సుబ్బరాజుగారు ఆయనకు గురువులు. గురువుగారికి మాండొలిన్ వాయించుట రాదు. ఆయన పాడెడివారు, బాలుడు విని, ఆ పాటను తంత్రులపై పలికించెడివాడు. ఈ సంగతిని పాఠకులు మనసున ఉంచుకొనవలెను. ఇది మరియొకరి వ్రేళ్ళను చూచి నేర్చిన విద్య కాదు. గొంతును విని నేర్చిన విద్య. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవమున ఆయన తొలి కచేరి జరిగెను. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవమున పదునాలుగేండ్ల ఈ తెలుగు బాలుడు పాశ్చాత్య శ్రోతలను ముగ్ధులను చేసెను.

మాండొలిన్ ఇటలీ దేశపు వాద్యము. దాని తంత్రులు జంటలుగా నుండును. మీటిన స్వరము మీటినంతనే అణగిపోవును. ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు ఊగుచు సాగవలసిన మన గమకమునకు అది అనువైన వాద్యము కాదని పెద్దలు తలచుట సహజమే. శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్‌ను గైకొని, జంట తంత్రులను విడిచి అయిదు ఒంటి తంత్రులను అమర్చుకొని, ఆ కొరతను తీర్చుకొనెను.

మైకేల్ బ్రూక్‌ది ఇందుకు సరిగా ఎదురైన కృషి. ఆయన ‘ఇన్ఫినిట్ గిటార్’, అనగా అనంత గిటారు, అను సాధనమును కల్పించెను. ఒకమారు మీటిన స్వరము, వాద్యకారుడు చాలునను వరకు ఆగక మ్రోగుట దాని విశేషము. ఐర్లండు వారి ‘యు2’ బృందము 1987లో వెలువరించిన ‘విత్ ఆర్ వితౌట్ యు’ అను పాటతో ఆ నాదము లోకమున ప్రసిద్ధమయ్యెను. ఆ కాలమున ఇంగ్లండులో సంగీతముల కలయికపై మోజు మెండుగా నుండెను. లండన్ నాట్యశాలలలో పాత జాజ్‌కు క్రొత్త దరువులను జోడించిన ‘యాసిడ్ జాజ్’ 1980ల చివర బయలుదేరినది. పీటర్ గేబ్రియల్ 1989లో ‘రియల్ వరల్డ్’ అను రికార్డు సంస్థను నెలకొల్పి, విల్ట్‌షైర్‌లోని బాక్స్ అను గ్రామమున గల తన స్టూడియోకు దూరదేశముల విద్వాంసులను రప్పించుచుండెను. ‘డ్రీమ్’ను వెలువరించినది ఆ సంస్థయే.

ఈ రికార్డు గొప్పతనము ఎక్కడున్నదో మొదట చెప్పుట న్యాయము. తెగు నాదమును తెగని నాదమును ఇది ఒకచోట చేర్చినది. మాండొలిన్ స్వరము వచ్చును, మెరయును, పోవును. వెనుక బ్రూక్ కల్పించిన నాదము నేలపై పరచిన జంబుఖానవలె చివరివరకు పరచుకొని యుండును. నేతవారికి ఈ సంబంధము వివరింపనక్కరలేదు: ఒకటి పడుగు, ఒకటి పేక. మన తంబుర చేయు పనిని ఇక్కడ గిటారు చేయుచున్నట్లు మొదట తోచును. శ్రీనివాస్ గమకములు ఆ విశాలమైన నిశ్శబ్దప్రాయమగు నాదముపై ఎంత స్వచ్ఛముగా వినబడునో, క్రిక్కిరిసిన కచేరి సభలో అంత స్వచ్ఛముగా వినబడవు. ఒక స్వరమును తాకి, దానినుండి జారి, మరల దానిని చేరుకొను ఆ సొగసును ఎరుగగోరువారికి ఈ రికార్డు గొప్ప కానుక.

ఇక అవ్వ ప్రశ్న. ఇందు ఉన్నవి నాలుగే ఖండికలు. వాటి పేర్లు డ్యాన్స్, థింక్, రన్, డ్రీమ్. అనగా ఆట, ఆలోచన, పరుగు, కల. మన కచేరిలో ఖండికకు పేరు కృతి మొదటి మాటనుబట్టి వచ్చును. వెంట రాగము పేరు, తాళము పేరు, వాగ్గేయకారుని పేరు ఉండును. ఇక్కడ అవి ఏవియు లేవు. వాద్యమున మాట లేకపోవుట వింత కాదుగదా యని కొందరు అనవచ్చును. రాగాలాపనలో మాత్రము మాట ఎక్కడున్నది? ఈ ఆక్షేపణ సరియైనదే. కాని ఆలాపన ఒక వాకిలి. దానిని దాటినచో కృతి యను ఇల్లు వచ్చును. ‘డ్రీమ్’లో వాకిలి అతి సుందరముగా నున్నది. ఎంతసేపు నడచినను ఇల్లు మాత్రము రాదు. “పాట ఎప్పుడు షురూ అయితది?” అను మాటకు అర్థ మిదియే.

ఆ సాయంకాలమున మేమొక పరీక్ష చేసితిమి. ‘డ్రీమ్’ ముగిసిన పిదప శ్రీనివాస్ వాయించిన రామదాసు కీర్తన నొకదానిని వినిపించితిమి. అదియు వట్టి మాండొలినే. అందును మాట లేదు. కాని పల్లవి రెండవమారు వచ్చునప్పటికి అవ్వ చేతిలోని పని ఆగినది. ఆమె పెదవులపై ఆ కీర్తన మాటలు తమంతట తామే కదలినవి. మనుమడు, మరాఠీ బడిలో చదువుచున్నవాడు, “అవ్వా, నీకు మాటలెట్ల దెలుసు?” అని అడిగినాడు. ఆమె చెప్పినది, ఒక మాటకు అర్థమును కూడ చెప్పినది. తంత్రిపై లేని తెలుగు వినువారి నోట పలికినది. గురువు పాడగా నేర్చిన విద్య కనుకనే, ఆ వాద్యమునుండి మాట మరల పుట్టగలిగినదని మా నమ్మకము.

మాట ఉన్న పాటకు మరియొక బలము కలదు. బ్రూక్ ఇంతకు పూర్వము, 1990లో వెలువడిన ‘మస్త్ మస్త్’ అను రికార్డున, పాకిస్తాన్ ఖవ్వాలీ గాయకుడు నుస్రత్ ఫతే అలీ ఖాన్‌తో కలసి పనిచేసెను. పాడించిన దానిని స్టూడియోలో కోసి కూర్చునప్పుడు కొన్నిచోట్ల వాక్యము మధ్యకు తెగి అర్థము చెడినది. నుస్రత్ ఒప్పుకొనలేదు. తుదకు ఇరువురును రాజీపడవలసివచ్చినది. ఈ సంగతిని బ్రూకే తరువాత చెప్పుకొనెను. మాట గాయకునకు కవచము. దానిని కోసినచో గాయము కనబడును. మాట లేని తంత్రిని ఎక్కడ కోసినను, ఎక్కడ అతికినను, అడుగువారు లేరు. స్టూడియోలో చివరి కత్తెర ఎవరి చేతనుండునో వస్త్రము వారిదగును. బ్రూక్ దురుద్దేశము కలవాడు కాడు. ఆయన వినయము ఈ రికార్డు పొడుగునను తెలియుచునే యున్నది. కాని తంబురవలె మొదలిడిన ఆయన నాదము కొన్ని తావుల తంబురవలె నిలువక తాను కూడ కదలును. అప్పుడు రాగము నిలుచున్న నేల జారుచున్నట్లుండి, మాండొలిన్ అంచుపై వేసిన బుటాగా మాత్రమే మిగులును.

కలయిక అన్నను ఇట్లే ఉండవలెనా? లేదు. ఇంగ్లండులో పుట్టిన జాన్ మెక్‌లాఫ్లిన్ విఖ్యాత జాజ్ గిటారు విద్వాంసుడు. ఆయన ఎస్. రామనాథన్‌గారి వద్ద శిష్యుడై వీణ నేర్చి, మన లెక్కలకు లోబడి, 1970లలో ‘శక్తి’ బృందమును నడపెను. తరువాతి ‘రిమెంబర్ శక్తి’లో శ్రీనివాస్ ఆయన సరసన కూర్చుండెను. ఆ రికార్డులలో ఒకరు అడుగుదురు, ఒకరు బదులిత్తురు. తాళము ఇరువురికి సమముగా యజమాని. అచటను సాహిత్యము స్వల్పమే. ఐనను శ్రీనివాస్ ఎవరికిని అంచు కాడు. ఎదురెదుట కూర్చుండి వాయించుటకును, వాయించినదానిని పిదప పొరలుగా పేర్చుటకును గల భేద మిది.

ఈ విమర్శను చదివి, పరుల సాంగత్యమే వలదని మేము చెప్పుచున్నట్లు ఎవరును తలపరాదు. అట్లనుటకు షోలాపురమున నివసించు మనకు నోరెక్కడిది? మన చద్దరుపై పూవును వేయు జకార్డు 1804 నాటి ఫ్రాన్సు దేశపు కల్పన. వయొలిన్ ఐరోపానుండి వచ్చినది. బాలుస్వామి దీక్షితులు దానిని కర్ణాటక సంగీతమున ప్రవేశపెట్టగా, విజయనగరపు ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో అది తెలుగువారి సొత్తయ్యెను. మాండొలిన్ కథయు ఇదియే. ఈ పరదేశపు వస్తువులు మనవైన దెట్లు? మన పనిని, మన పాటను నేర్చుకొనుటచేత. వయొలిన్ త్యాగరాజును పలికినది గనుక మనదైనది. ‘డ్రీమ్’లో మార్గము తలక్రిందులు. మన వాద్యకారుడు బయటి ఇంటికి పోయెను. ఆ ఇంటివారు ఆదరించిరి, ఆసనమిచ్చిరి. పాటను మాత్రము అడుగలేదు. ఆయనయు మూట విప్పలేదు.

పొట్టకూటికై తెలంగాణపు పల్లెలు విడిచి ఈ ఊరికి వచ్చినవారి సంతతికి ఈ సంగతి సులభముగా తెలియును. మన రాగము ఇంకను చెడలేదు. నారాళీ పున్నమినాటి మార్కండేయుని రథము వెంట నడచునప్పుడు, పెండ్లి పందిరిలో, మన స్వరము మనదే. అడుగున నుండవలసిన మాటలు మాత్రము ఒక తరమునుండి మరియొక తరమునకు పలుచబడుచున్నవి. పిల్లలకు వరుస వచ్చును, చరణము రాదు. అట్టి ఇంట ‘డ్రీమ్’ ఒంటరిగా మ్రోగినచో, కల మాత్రమే మిగులునని మా భయము.

శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న చెన్నైలో, నలుబదియైదేండ్లకే, కీర్తిశేషుడయ్యెను. ఆయన విడిచిన రికార్డులలో రెండువిధములైనవియు కలవు. అదే రియల్ వరల్డ్ సంస్థ 1994లో ‘రామ శ్రీరామ’ అను పేర, కచేరి సంప్రదాయమున ఆయన వాద్యమును వెలువరించినది. తీర్పు చెప్పుమన్నచో మేము చెప్పునది ఇంతే: ‘డ్రీమ్’ వినదగినది, నాదముగా అది ఉత్తమము, కలయికగా సగము. దానిని పిల్లలకు తప్పక వినిపింపుడు. కాని ముందుగా ఒక కీర్తనను వినిపింపుడు. ఇంటిలో పెద్దవారున్నచో వారిని పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుడు. మాటలు వారి నోటనుండి రావలెను.